చెక్కపళ్లు

మా అన్న పోయిన పన్నెండో రోజున మేనల్లుడు ఇంతియాజ్ నా ఫోనుకు ఒక లింకు పంపాడు. అమెరికా తొలి అధ్యక్షుడి గురించి మీకు తెలియని పది ఆశ్చర్యకరమైన విషయాలు అని దాని పేరు. పొరపాటున పంపాడేమో అనుకున్నాను. పది నిమిషాలకు తనే ఫోను చేశాడు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు సిడ్నీ శివార్లలోని క్వేకర్స్ హిల్‌లో వాళ్ల ఇంటికి వచ్చేవాళ్లకు పంచడానికి వాళ్ల నాన్న మీద చిన్న పుస్తకం వేయిస్తున్నాడట. అందులో చిన్నతనం గురించి నన్ను రాయమన్నాడు. ఎన్ని పేజీలు రాయమంటావని అడిగాను.

“పేజెస్ వద్దత్తా, ఎవరూ చదవరు. ఆ లింక్‌లో ఉన్నట్టు టెన్ పాయింట్స్, ఒక్కోటి ఫైవ్ లైన్స్. నైన్ నేను ఇంగ్లీష్‌లో రాసేశా. సెవెంత్ ఒక్కటే నీది. నాన్న స్కూల్లో ట్రూత్ చెప్పిన స్టోరీ ఉంది కదా, హెడ్మాస్టర్‌ది. నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి నువ్వు రాస్తే బాగుంటుంది.”

అక్కడే ఉన్న మాట నిజం. సరేనని ఫోను పెట్టేశాను. బ్లాక్‌టౌన్‌లో నేనుండే రెండు గదుల ఇంట్లో ఆ మధ్యాహ్నం చేయడానికి వేరే పనేమీ లేదు. లింకు తెరిచి చదివాను. మనిషి బతుకును పది ముక్కలు చేసి, ముక్కకో బొమ్మ పెట్టి, మధ్యమధ్యలో చెప్పుల ప్రకటనలు దూర్చిన పేజీ అది. ఆయన జీవితంలో ఒక్కసారే దేశం దాటి వెళ్లాడట, అక్కడ మశూచి తెచ్చుకున్నాడట. కంచరగాడిదలంటే ఇష్టమట. వాటిని పుట్టించడానికి స్పెయిన్ రాజు ఒక మగ గాడిదను కానుకగా పంపాడట. చచ్చిపోయాక మూడు రోజుల దాకా సమాధిలో పెట్టవద్దని చెప్పాడట, బతికుండగా పూడ్చేస్తారని భయం. గాడిదకూ చావుకూ ఒకే సైజు అక్షరాలు, ఒకే రకం ఆశ్చర్యం. మా అన్నను కూడా ఇలాగే పది ముక్కలు చేస్తారన్నమాట అనుకుంటూ మూడో విషయం దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

ఆయన పళ్లు చెక్కవి కావట. అధ్యక్షుడయ్యేనాటికి ఆయన నోట్లో మిగిలింది ఒక్క పన్ను. పెట్టుకున్న పళ్లసెట్లను నీటిగుర్రం దంతంతో, పశువుల పళ్లతో, సీసంతో, ఇత్తడి మరలతో చేశారు. వాటిలో మనుషుల పళ్లూ ఉన్నాయి. తన పొలాల్లో పనిచేసే బానిసల దగ్గర పళ్లు కొన్నట్టు ఆయన లెక్కల పుస్తకంలోనే ఉందట. సరిగ్గా ఆ పళ్లే ఆయన నోట్లోకి వెళ్లాయని ఖాయంగా చెప్పలేమని కింద చిన్న అక్షరాల్లో ఉంది. చెప్పలేకపోతే మానె. మా నాయన ఈ సంగతి ఏ పుస్తకమూ చదవకుండా, జొన్నరొట్టె నములుతూ, మా ఇంటి వసారాలో కూర్చుని చెప్పాడు. ఆ మాటను నేను మోసుకెళ్లి బడిలో చెప్పినందుకే నా చదువు ఒక ఏడాది పోయింది.

మేము దూదేకులవాళ్లం. పల్నాటి వైపు ఒక చిన్న ఊరు మాది. మా తాత దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నాయన మాత్రం కుర్రతనంలో గుంటూరు వెళ్లి ఒక చైనా పళ్ల డాక్టరు దగ్గర పనికి కుదిరాడు. ఆ రోజుల్లో మన ఊళ్లలో పళ్లు కట్టేవాళ్లలో చైనావాళ్లు చాలామంది ఉండేవాళ్లు. వాళ్ల షాపు బోర్డు మీద నవ్వుతున్న నోరు ఒకటి గీసి ఉండేది, కింద తెలుగులో పేరు తప్పులతో రాసి ఉండేది. నాయన ఆ మనిషిని చివరిదాకా మాస్టరనే పిలిచాడు. మాస్టరు దగ్గర తొమ్మిదేళ్లు పనిచేసి, ఊరికి తిరిగొచ్చి, ఇంటి ముందు గదిలో సొంతంగా షాపు పెట్టాడు. చదువు లేదు, పట్టా లేదు, చేతిపని ఉంది. మా ఇంట్లో అందరి ఇళ్లలోలాగా పోపు వాసన ముందు వచ్చేది కాదు. కరిగిన మైనం, లవంగనూనె, గులాబీరంగు పొడిలో కలిపే మందు వాసన ముందు వచ్చేవి. ఆ మందు వాసన ముక్కులోంచి కళ్లలోకి ఎక్కేది. బంధువులు వస్తే అమ్మ సాంబ్రాణి వేసేది, దానితో రెండు వాసనలూ కలిసి ఇంకా భరించలేకుండా అయ్యేది. పళ్లసెట్టును అచ్చుతో సహా నీళ్లలో ఉడకబెట్టడానికి నాయనకు ఒక పెద్ద గిన్నె ఉండేది. అది వంటింటి గడప దాటకూడదని అమ్మ నిబంధన. ఒకసారి మా పిన్ని తెలియక దాంట్లో పాలు కాచింది. ఆ పాలు ఎవరూ తాగలేదు సరే, పిన్నితో అమ్మ ఆర్నెల్లు మాట్లాడలేదు.

నాయన ఎవరింటికి పెళ్లికి వెళ్లినా ముందు నోళ్లు చూసేవాడు. చూసి ఏమీ అనేవాడు కాదు. షాపులో గోడకు ఒక చెక్క అర ఉండేది. దాని మీద తెల్లటి సిమెంటు అచ్చులు వరసగా ఉండేవి, ఊరివాళ్ల చిగుళ్లూ దవడలూ. వాటి మీద అంకెలుండేవి తప్ప పేర్లుండవు. ఏ అంకె ఎవరిదో నాయన తలలో ఉండేది. మామూలు జనం ముందు తలుపు నుంచే వచ్చేవాళ్లు. పెద్దమనుషులు మాత్రం మధ్యాహ్నం, వీధి అంతా భోజనాలు చేసి పడుకున్న వేళ, దొడ్డిదారిన వచ్చేవాళ్లు. అప్పట్లో పళ్లు ఊడటం ముసలితనానికి గుర్తు, ముసలితనం అధికారానికి చేటు. ఇప్పుడు బ్లాక్‌టౌన్‌లో మా డాక్టరమ్మ నోట్లో దీపం తిప్పి తెరమీద నా దవడ చూపిస్తుంది. పక్క కుర్చీలో పడుచువాడు తెల్లబరిచిన పళ్లను ఫోనులో ఫొటో తీసుకుని, అక్కడికక్కడే లోకానికి చూపించుకుంటాడు. అప్పటి సిగ్గు మంచిదని నేను అనను. కానీ ఆ సిగ్గును కాపాడటం ఒక పని అనుకున్న మనిషిని నేను చూశాను. ఇప్పుడు అలాంటి పని ఎవరికీ లేదు.

ఒక వేసవి సెలవుల్లో అలా దొడ్డిదారిన మా హైస్కూలు హెడ్మాస్టరు వచ్చాడు. ఆయన పేరు ఇక్కడ రాయను, నాయన ఉంటే రాయనివ్వడు. ఆయనకు కామెర్లని ఊరంతా చెప్పుకున్నారు. పైవరస పళ్లు మొత్తం పీకించుకుని, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, సెలవులన్నీ ఇంట్లోనే ఉన్నాడు. ఆయన వచ్చినప్పుడు అమ్మ మమ్మల్ని పక్కింటికి తరిమేది. ఒకరోజు నేను గోరువెచ్చని ఉప్పునీళ్ల చెంబు ఇవ్వడానికి లోపలికి వెళ్లాను. రుమాలు లేదు. బడిలో ఏ మూల నిలబడ్డా వినిపించే గొంతు ఆయనది, ఆ రోజు పైపెదవి లోపలికి మడతపడి, పిల్లి మూలిగినట్టు ఏదో అడుగుతున్నాడు. నాకు నవ్వు రాలేదు, భయం వేసింది. బడి తెరిచేసరికి ఆయన కొత్త పలువరసతో వచ్చాడు. కామెర్లు తగ్గాక మనిషికి పదేళ్ల వయసు తగ్గిందని అయ్యవార్లు చెప్పుకున్నారు.

ఆ హెడ్మాస్టరుకు అమెరికా తొలి అధ్యక్షుడంటే పిచ్చి. మన దగ్గర సత్యం కోసం రాజ్యాలు వదిలినవాళ్లకు కొదవ లేదు, ఆయనకు మాత్రం దూరపు దేవుడే నచ్చాడు. ఇంగ్లీషు వాచకంలో పాఠం ఉండేది. చిన్నప్పుడు గొడ్డలితో వాళ్ల నాన్న పెంచిన చెర్రీచెట్టు నరికాడు, అబద్ధం ఆడలేనని ఒప్పుకున్నాడు, నాన్న ముద్దుపెట్టుకున్నాడు. చెర్రీ అంటే మాకు తెలియదు. రేగుచెట్టు అనుకున్నాం. రేగుచెట్టు నరికితే ముళ్లు గుచ్చుకోవా అని మా క్లాసులో చర్చ జరిగింది. ఆ కథను ఆయన చనిపోయాక ఒక పుస్తకం రాసినవాడు కల్పించాడని ఇంతియాజ్ పంపిన పేజీలో ఐదో విషయంగా ఉంది. ఎనిమిదో విషయం ఇంకా బాగుంది. రాజధానిగా ఉన్న నగరంలో ఆర్నెల్లు ఉన్న బానిసకు స్వేచ్ఛ ఇవ్వాలని చట్టం ఉండేదట. ఆయన ఆర్నెల్లు నిండకముందే వాళ్లను ఊరు దాటించి మళ్లీ తెచ్చుకునేవాడు. ఆ సంగతి వాళ్లకూ జనానికీ తెలియకుండా ఏదో ఒక సాకు చెప్పమని తన కార్యదర్శికి ఉత్తరం రాశాడు. అబద్ధం ఆడలేనివాడు ఇంకొకరి చేత ఆడించాడు. సత్యసంధులకు గుమాస్తాలు ఎందుకుంటారో నాకు అప్పుడు అర్థమైంది.

హెడ్మాస్టరు ప్రతి ఏడూ సత్యం మీద వక్తృత్వపు పోటీ పెట్టేవాడు. అందరూ ఆ అధ్యక్షుడి గురించే చెప్పాలి. ఆయనకు ఇష్టమైన మరో ముక్క చెక్కపళ్లు. అంతటి మనిషి చెక్కతో చేసిన పళ్లు పెట్టుకుని, నొప్పిని ఓర్చుకుని దేశాన్ని ఏలాడని, నిరాడంబరత అంటే అదని, ప్రార్థన సమయంలో చెప్పేవాడు. ఆ ఏడు నాయన కట్టి ఇరవై రోజులైన పళ్లతో చెప్పాడు. నేను ఆరో తరగతి, పోటీకి పేరు ఇచ్చాను. మా అన్న సైదులు పదో తరగతి. ముందురోజు నేను వసారాలో ఉపన్యాసం వల్లిస్తుంటే రొట్టె తింటున్న నాయన చెయ్యి ఆపాడు.

“చెక్కా? నోట్లోనా? వారం రోజులకు ఉబ్బుద్ది, పది రోజులకు కంపు కొడద్ది. నోరంటే నీళ్లతొట్టమ్మా. ఎవరు రాశారో గానీ వాడు పళ్లు కట్టి ఎరగడు” అన్నాడు. మరి దేంతో చేసుంటారని అడిగాను. “మాస్టరు చెప్పేవాడు, వెనకటికి గొప్పోళ్లకు మనుషుల పళ్లే కట్టేవోళ్లంట. పన్నుకు పన్నే సరిపోద్ది. లేనోడి నోట్లోంచి ఉన్నోడి నోట్లోకి. అంతటి దొరకు పళ్లు కావాల్సొస్తే అడవికి పోతాడా, పాలేరు దగ్గరికి పోతాడా” అన్నాడు. అని మళ్లీ రొట్టె తినడంలో పడ్డాడు.

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. వాచకంలో లేనిది నా దగ్గర ఒకటుంది. మర్నాడు నా వంతు వచ్చినప్పుడు చెట్టు గురించి చెప్పాల్సింది చెప్పి, చివర పళ్ల సంగతి చెప్పాను. చెక్క ఉబ్బుతుందని, అవి పాలేర్ల పళ్లై ఉంటాయని. హాలులో గుసగుసలు. హెడ్మాస్టరు నవ్వుతూనే, ఇది నీకు ఎవరు చెప్పారు, ఏ పుస్తకంలో ఉంది అన్నాడు. ఆయన అడిగింది ఆధారం. నాకు తెలిసిన గట్టి ఆధారం ఒక్కటే. “మా నాయన చెప్పాడు సార్. పళ్ల సంగతి ఆయనకు తెలుసు. మీ పళ్లు కట్టింది ఆయనే కదా సార్” అన్నాను. గొప్ప సాక్ష్యం ఇచ్చాననే అనుకున్నాను. ఆయన నోరు మూసుకుపోయింది. తొమ్మిదో తరగతి బెంచీల నుంచి మొదలైన నవ్వు ముందు వరసల దాకా వచ్చింది. పోటీ అయిపోయిందని చెప్పి ఆయన లేచి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి సంగతి ఇంటికి చేరింది. నాయన నన్ను కొట్టలేదు. ఎదురుగా కూర్చోబెట్టి, ఏమన్నానో అక్షరం పోకుండా మళ్లీ చెప్పించుకున్నాడు. చెప్పడం అయ్యాక, “నోరు మన చేతుల్లో పెట్టినోణ్ణి బజార్న పెట్టకూడదమ్మా” అన్నాడు. నేను చెప్పింది నిజమేగా అన్నాను. “నిజమే. అది నీది కాదు” అన్నాడు. తర్వాత అన్నను షాపులోకి రమ్మని తలుపు వేసుకున్నాడు. లోపల ఏదో పగిలిన చప్పుడైంది. పొద్దున దొడ్లో తూము దగ్గర తెల్లటి పొడి కనబడింది గానీ నేను పట్టించుకోలేదు.

ఆ పొద్దున ప్రార్థనలో హెడ్మాస్టరు మా అన్నను అరుగు మీదికి పిలిచాడు. మీ చెల్లెలు నిన్న నా గురించి ఒక మాట అన్నది, అది నిజమా అబద్ధమా అని అడిగాడు. “అబద్ధం సార్” అన్నాడు అన్న. ఆగి, “మా చెల్లెలికి నోటికొచ్చింది వాగే అలవాటుంది సార్” అన్నాడు. నన్ను మధ్యాహ్నం దాకా ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టారు. ఆ వారంలోనే నాయన నన్ను బడి మాన్పించాడు. హెడ్మాస్టరు మొహం ఎదుట నువ్వు తిరగకూడదన్నాడు. ఆడపిల్లల బడిలో చేరడానికి మళ్లీ వేసవి దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాదంతా షాపులో మైనం చుట్టాను, సిమెంటు కలిపిన గిన్నెలు కడిగాను, మద్రాసు నుంచి కట్టుడుపళ్ల పెట్టెలకు చుట్టి వచ్చిన పాత పేపర్లు చదివాను. ఆ చదువే నన్ను ఇంతదాన్ని చేసిందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పోయిన ఏడాది పోయిందే. అన్న పదో తరగతి ప్యాసయ్యాడు, మంచి నడవడి సర్టిఫికెట్టు మీద హెడ్మాస్టరు సంతకంతో కాలేజీకి వెళ్లాడు.

చాలా ఏళ్లకు ఇద్దరం సిడ్నీలో తేలాం, ముందు అన్న, తర్వాత నేను. ఊళ్లో సైదులు అయినవాడు ఇక్కడ సయీద్ అంకుల్ అయ్యాడు. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం, తెలుగువాళ్ల సంఘంలో పెద్దరికం. ఈదుకైనా ఉగాదికైనా మైకు ఆయన చేతికి రావాల్సిందే. మొదటిసారి ఆ కథ విన్నది నేను వచ్చిన కొత్తలో, ఎవరో పిల్లలకు బహుమతులిచ్చిన సభలో. వెనక బల్ల దగ్గర నిలబడి పళ్లేల్లో బిర్యానీ సర్దుతున్నాను. మా ఊళ్లో ఒక హెడ్మాస్టరు ఉండేవాడు అని మొదలుపెట్టాడు. అమెరికా అధ్యక్షుడు, చెక్కపళ్లు, పోటీ. “అప్పుడు నాకు పదకొండేళ్లు. లేచి నిలబడి చెప్పాను, సార్, మీ పళ్లు కట్టింది మా నాన్న అని” అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన నా వైపు చూశాడు, చూసి మైకు సర్దుకున్నాడు. మొదట్లో ఆ కథలో పది బెత్తం దెబ్బలుండేవి, తర్వాత ఇరవై అయ్యాయి. కొన్నాళ్లకు నాయన వచ్చి కొడుకును గుండెకు హత్తుకున్నాడు. చివరి ఏళ్లలో హెడ్మాస్టరే పళ్లు చేతిలోకి తీసి క్షమాపణ అడిగాడు. ఒక్క చెల్లెలు మాత్రం ఆ కథలోకి ఎప్పుడూ రాలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఎన్నోసార్లు విన్నాను. ఒక్కసారీ నోరు తెరవలేదు. కారులో నన్ను ఇంటి దగ్గర దింపేటప్పుడు ఆయన వాతావరణం గురించి మాట్లాడేవాడు, నేనూ వాతావరణం గురించే మాట్లాడేదాన్ని.

ఇప్పుడు ఇంతియాజ్‌కు కావలసింది ఆ కథే, నా చేత్తో రాసి, నేను చూశానన్న ముద్రతో. మూడు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. ఆయన కథ రాస్తే నా బతుకులో నేను ఒకే ఒక్కసారి పదిమందిలో లేచి పలికిన మాట నాది కాకుండా పోతుంది, అదీ నా రాతతోనే. రాయకపోతే వాడే రాసుకుంటాడు. నాలుగో రోజున జరిగింది జరిగినట్టు పది వాక్యాలు రాసి, రైలెక్కి క్వేకర్స్ హిల్ వెళ్లాను. వదిన ఇద్దత్‌లో ఉంది, భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకూడదు. పడకగదిలో మంచం మీద అన్న చొక్కాలు మడతపెడుతోంది. ఇంతియాజ్‌కు తెలుగు చదవడం సరిగా రాదు, అందుకని నేనే చదివి వినిపించాను.

“అత్తా, ఇది ప్రింట్ చేస్తే అందరి ముందూ నాన్నను లయర్ అన్నట్టే కదా. హి ఈజ్ నాట్ హియర్ టు ఆన్సర్” అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడి మాటలో న్యాయం ఉందని నాకూ తెలుసు. అప్పుడు వదిన చొక్కా మడత ఆపకుండానే మాట్లాడింది.

“ఆమె చెప్పింది నిజమేరా. మా పెళ్లైన కొత్తల్లోనే నాకు చెప్పాడు మీ నాన్న. ఆ రోజు సాయంత్రం మీ తాత షాపులోకి తీసకపోయి, హెడ్మాస్టరు అచ్చు ఈయన ముందే నేలకేసి కొట్టాడంట. రేపు అడిగితే అబద్ధమని చెప్పు, ఆ మనిషి మన ఇంటికి రాలేదు, ఆ అచ్చు మన ఇంట్లో లేదు అన్నాడంట. అట్నే చెప్పొచ్చాడు.” నా వైపు తిరిగి, “కాశింబీ, నీకు తెలవదనుకుంటా. నాయనకు ఇచ్చిన మాట అని నీకు చెప్పలా” అంది.

తూము దగ్గర తెల్లటి పొడి అప్పుడు గుర్తొచ్చింది. యాభై ఏళ్లకు పైగా ఆ అబద్ధాన్ని నేను అన్న సర్టిఫికెట్టు ఖాతాలో వేశాను. అది నాయనది. ఎవరి నోటినీ బజారున పెట్టని నాయన, తన గిరాకీ కోసం కొడుకు చేత అబద్ధం ఆడించి, కూతుర్ని ఎండలో నిలబెట్టాడు. హెడ్మాస్టరు మాటకొస్తే, అబద్ధం అడిగి మరీ చెప్పించుకుని, ఆ మధ్యాహ్నమే మా క్లాసుకు చెర్రీచెట్టు పాఠం చెప్పాడు. వాళ్లలో ఎవరూ ఇప్పుడు లేరు. చొక్కాలు పక్కకు జరిపి మంచం మీద కూర్చున్నాను. కానీ కూర్చున్నాక వచ్చింది జాలి ఒక్కటే కాదు.

“వాగే అలవాటుందని చెప్పమన్నది కూడా నాయనేనా?” అన్నాను.

వదిన ఇంకో చొక్కా చేతిలోకి తీసుకుంది.

“సరే, ఆ రోజు చిన్నవాడు. నాయన ఒక్కసారి అబద్ధం ఆడమన్నాడు వదినా. ఇక్కడ మైకులో ఇన్నిసార్లు ఆడమని ఎవరు చెప్పారు?”

“నేనూ అడిగా” అంది వదిన. “అది నీ చెల్లెలి మాట గదా, నీదని చెప్తావేంది అన్నా. ఆ రోజు ఆ మాట నేను అనుంటే బాగుండు అని రోజూ అనుకుంటా, అనీ అనీ నాదే అనిపిస్తది అన్నాడు. నాకు ఒళ్లు మండి అన్నం పెట్టలా ఆ పూట.” చొక్కాను పెట్టెలో పెట్టి కొడుకు వైపు చూసింది. “ఆమె రాసింది వెయ్యి. పది లైన్లు ఎక్కువైతే తగ్గించు. మార్చమాక.”

ఇంతియాజ్ దాన్ని ఇంగ్లీషులో పెట్టి తగ్గించాడు. ఏడో విషయం కింద చివరికి మిగిలినవి మూడు వాక్యాలు. సయీద్ అంకుల్ చెప్పే హెడ్మాస్టరు కథలో ఆ మాట అన్నది ఆయన కాదు, ఆయన చెల్లెలు కాశింబీ. అప్పుడు ఆమెకు పదకొండేళ్లు. ఆ మాట వల్ల ఆమె ఒక ఏడాది బడికి దూరమైంది. అన్న ఆడిన అబద్ధం అందులో లేదు, నాయన ఆడించింది లేదు. అదీ సగం నిజమే. ఒప్పుకున్నాను. ఎనిమిదో విషయం ఆయనకు చేపల పులుసు ఇష్టమని.

నలభయ్యో రోజు కారు బయట పెట్టేసి గ్యారేజీలో మడతకుర్చీలు వేశారు. నలభయ్యో రోజులు చేయకూడదనే మసీదు పెద్దలు ఇద్దరు కూడా బిర్యానీ వేళకు వచ్చారు. ఫాతిహా చదవడం అయ్యాక పుస్తకాలు పంచారు. ఎవరూ తెరవలేదు. విసనకర్రల్లా ఊపుకున్నారు, కొందరు పళ్లెం కింద పెట్టుకున్నారు. అన్న పాత స్నేహితుడు, సంఘంలో ఆయన తర్వాతి పెద్ద, రెండు మాటలు చెబుతానని లేచాడు. ఏం చెబుతాడో నాకు తెలుసు. చెప్పాడు. హెడ్మాస్టరు, చెక్కపళ్లు, పదకొండేళ్ల సయీద్, ఇరవై దెబ్బలు. జనం తలలూపారు. ఇంతియాజ్ నా వైపు చూడకుండా నేల చూస్తున్నాడు. ఇంట్లోకి వెళ్లే తలుపు ఓరగా తీసి ఉంది. అటు నుంచి వదిన గొంతు వచ్చింది, పెద్దగా ఏమీ కాదు. “ఆ పుస్తకంలో ఏడోది చదవండి భాయ్” అంది.

ఆయన పుస్తకం కోసం వెతుక్కున్నాడు, పక్కవాడు ఇచ్చాడు. మిగిలినవాళ్లూ పళ్లేల కింద నుంచి లాగి తెరిచారు. మూడు వాక్యాలు చదవడానికి ఎంతసేపు పడుతుంది. ఆయన రెండుసార్లు చదువుకున్నాడు. కళ్లజోడు తీసి నా దగ్గరికి వచ్చి, అందరూ వింటుండగా అడిగాడు.

“కాశింబీ గారూ, ఇన్నేళ్లు ప్రతి ఫంక్షన్‌లో మీరు అక్కడే ఉన్నారు కదా. ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు?”

“ఆయనే చెబుతాడనుకున్నాను” అన్నాను.